విసుక్కున్నా సరే, స్పెసిఫై చేయండి

నాలుగు ముక్కల్లో తేల్చెయ్యమనీ, ఎదుటివాళ్లకు అర్థమవుతుందిలే వదిలెయ్యమనీ, మరీ తరచి అడిగితే బాగుండదనీ చిన్నప్పటి నుంచి మీకు చెప్పినవాళ్లు చాలామందే ఉంటారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినకండి. నేను ఇంగ్లీషు ఫారాలను తెలుగులోకి తెచ్చే పని చేస్తాను. బ్యాంకు దరఖాస్తులు, బీమా కాగితాలు, ఆసుపత్రి అంగీకార పత్రాలు, ఇలాంటివి. ఇరవై రెండేళ్లుగా నా కలం కింద నలిగిన ఇంగ్లీషు క్రియల్లో ‘స్పెసిఫై’ని మించింది లేదు. మొదట్లో దాన్ని చూస్తే విసుగొచ్చేది. ఇప్పుడు అంతకంటే దయగల మాట ఆ భాషలో మరొకటి ఉందా అనిపిస్తుంది. ఆ మాటను ఎలా వాడాలో, ఎంతదాకా వాడాలో చెబుతాను. మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకోరు. అయినా పాటించండి.

ముందు నిఘంటువు మూసెయ్యండి. అందులో పేర్కొను, వివరించు, నిర్దేశించు అని వరసగా ఉంటాయి, మూడూ ఒకటే అనిపించేలా. మూడూ ఒకటి కాదు. పేర్కొనడమంటే పేరెత్తడం. సభలో ఎవరో మన ఊరి పేరు ఎత్తారు, పేర్కొన్నట్టే, అక్కడితో సరి. వివరించడమంటే మూట విప్పినట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పడం. స్పెసిఫై ఈ రెండూ కాదు. చీరల కొట్లో కూర్చుని “ఎర్ర చీర చూపించు బాబూ” అంటే ఆ కుర్రాడు ఇరవై తెచ్చి పరుస్తాడు. “అదిగో, పై నుంచి మూడో అర, ఎడమ పక్క దొంతర, కింది నుంచి రెండోది, సన్న జరీ అంచుది” అంటే ఒక్కటే తీస్తాడు. పదింటిలో ఒకదాని మీద వేలు పెట్టి ‘ఇదీ’ అనడమే స్పెసిఫై. మిగతా తొమ్మిదీ కాదని చెప్పడం కూడా అందులోనే ఉంది.

ఆ మాట పుట్టుక చూసినా ఇదే తేలుతుంది. లాటిన్‌లో ‘స్పెసెరె’ అంటే చూడటం. దాని నుంచి ‘స్పీషీస్’ వచ్చింది: రూపం, రకం. దానికి ‘చెయ్యడం’ అనే ధాతువు చేరి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి స్పెసిఫై అయింది. కనబడేట్టు చెయ్యడం, రకం విడదీసి చూపడం అన్నమాట. ‘స్పైస్’ కూడా ఈ ఇంటి పిల్లే. సరుకుల్లో రకాలు అన్న అర్థం నుంచి సుగంధ ద్రవ్యాల దగ్గర స్థిరపడింది. మన ‘నిర్దేశం’లో ఉన్నది దిశ్ ధాతువు, చూపించడం. దిక్కు అన్న మాటా అక్కడిదే. వాళ్లది కన్ను, మనది వేలు. అందుకే పై మూడింటిలో నాకు ‘నిర్దేశించు’ మీద గురి ఎక్కువ. కానీ ఫారం నింపేవాళ్లకు ఆ మాట ఆజ్ఞలా వినిపిస్తుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

వ్యాకరణం కొంచెమే. స్పెసిఫై తర్వాత ‘అబౌట్’ పెట్టకండి. మనకు ‘గురించి’ లేనిదే మాట సాగదు కాబట్టి ‘స్పెసిఫై అబౌట్ యువర్ అడ్రస్’ అని రాసేస్తాం. వేలు నేరుగా వస్తువు మీద పెట్టాలి, దాని చుట్టూ కాదు. అడ్రసును స్పెసిఫై చేస్తాం, రంగును చేస్తాం, ఏ రోజో చేస్తాం. మనిషిని ‘ఈ పని చెయ్యమని స్పెసిఫై’ చెయ్యం, దానికి వేరే క్రియలున్నాయి. పలికేటప్పుడు ఊనిక మొదటి అక్షరం మీద. ఇంతే.

మా నాన్న దస్తావేజు లేఖరి. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల పంచ కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇంకుబుడ్డి. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. కానీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో 21వ సెక్షను కంఠతా వచ్చు. స్థిరాస్తి కాగితంలో ఆ ఆస్తి ఏదో గుర్తుపట్టడానికి సరిపోయే వర్ణన లేకపోతే రిజిస్ట్రేషనుకు తీసుకోకూడదంటుంది ఆ సెక్షను. పట్నంలో ఇల్లయితే వీధికి ఏ పక్కన ఉందో చెప్పాలి. ఆ వీధి ఏదో స్పెసిఫై చెయ్యాలి, సరిగ్గా ఈ క్రియే వాడారు. ఇప్పుడెవరుంటున్నారో, అంతకు ముందు ఎవరుండేవారో, నంబరుంటే నంబరూ రాయాలి. అంతకు ముందు ఎవరుండేవారో కూడా! ఎంత ముందుచూపున్న మనిషి రాశాడో అనుకుంటాను అది తలుచుకున్నప్పుడల్లా.

నాన్న హద్దులు రాసుకునేటప్పుడు రైతులు అలిసిపోయేవారు.

“తూర్పున ఏముంది?”

“మా బాబాయి చేనండీ.”

“బాబాయి పేరు? తండ్రి పేరు? ఆ చేను సర్వే నంబరు? మధ్యలో గట్టా, బోదెనా? గట్టయితే ఎవరిది?”

“ఊళ్లో అందరికీ తెలుసు కదండీ!”

“ఊళ్లో అందరూ పోయాక చదివేవాడి కోసం రాస్తున్నానయ్యా ఇది.”

ఈ మాట అప్పుడు నాకు చాదస్తంలా వినపడింది. ఇప్పుడు స్పెసిఫైకి ఇంతకంటే మంచి అర్థం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఎదురుగా ఉన్నవాడు అడిగి తెలుసుకోగలడు. మనం లేనప్పుడు మన కాగితం తెరిచేవాడికి అడిగే దారి లేదు. ఆ మనిషి కోసం పుట్టింది ఈ క్రియ.

మా పెద్దత్తయ్య స్థలం కాగితం వేరే ఊళ్లో, వేరే లేఖరి దగ్గర రాయించుకున్నారు. తూర్పు హద్దు: వేపచెట్టు. అంతే. ఏ వేపచెట్టు, మొదలు దగ్గరి నుంచా, కొమ్మల నీడ దగ్గరి నుంచా, అది ఎవరి వైపు ఉంది, ఏదీ లేదు. ఓ గాలివానకు ఆ చెట్టు కూలింది. కర్ర అమ్మేశారు, మొద్దు కూడా తవ్వేశారు. తర్వాత పక్కవాళ్లు గోడ కట్టుకున్నారు, చెట్టు ఇక్కడే ఉండేదంటూ. తేడా మూడు సెంట్లు. సెంటుకు 48.4 గజాల లెక్కన 145 గజాల పైమాటే. అత్తయ్య పదకొండేళ్లు తిరిగింది. తిరుగుతూండగానే పోయింది. నాన్న ఆ కాగితాన్ని మా ఇంట్లో దీపం కింద పెట్టుకుని, చెట్టు అన్న మాట దగ్గర వేలు పెట్టి చాలాసేపు కూర్చోవడం నాకు గుర్తుంది. ఆ వేలి గోటికి నీలం ఇంకు మరక.

అందుకని, భూమి మాటలో కొలత పేరు లేకుండా అంకె పలకకండి, పెళ్లి చూపుల్లో అయినా సరే. ఎకరానికి 100 సెంట్లు, అదే ఎకరానికి 40 గుంటలు. కోస్తాలో పెరిగినవాడు ‘పది ఉంది’ అంటే 484 గజాలు. తెలంగాణలో పెరిగిన వియ్యంకుడి చెవికి అదే ‘పది’ 1210 గజాలుగా వినిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెప్పారు, ఇద్దరూ నమ్మారు, ఆరు నెలల తర్వాత ఇద్దరూ మోసపోయామనుకున్నారు. మీరు పక్కనే ఉంటే, బంధువుల మధ్య బాగుండదని ఊరుకోకుండా, ‘సెంట్లా, గుంటలా?’ అని గట్టిగా అడగండి. ‘స్పెసిఫిక్’ అంటే అదే, మరొకటి కాదు అని. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం పేరులో ఉన్నది కూడా ఈ పట్టుదలే. ఒప్పందం రాసుకున్న స్థలం బదులు డబ్బు తీసుకుని పొమ్మంటే, నాకు ఆ స్థలమే కావాలని కోర్టునడిగే దారి అది.

ఇక ఫారాలు. ‘ఇతరములు, దయచేసి పేర్కొనండి’ అని ఉంటుంది, పక్కన బొటనవేలంత గడి. ఆ గడి చూసి భయపడకండి, అందులో ఇమిడేట్టు రాయాలని అస్సలు చూడకండి. గడి దాటండి. మార్జిను పొడుగునా పైకి రాయండి, బాణం గుర్తు వేసి వెనక్కి తిప్పండి, చాలకపోతే కాగితం జతచేసి గుండుసూది గుచ్చండి. కౌంటరులో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఇంకా విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఆసుపత్రి కాగితంలో ‘మందులేవైనా పడవా? ఉంటే పేర్కొనండి’ అన్న చోట నేను చూసిన జవాబులు ఇవి: ‘ఉన్నాయి’, ‘కొన్ని’, ‘ఇంగ్లీషు మందులు’, ‘డాక్టరుగారికి తెలుసు’. స్పృహ లేకుండా పడి ఉన్న మనిషి పక్కన నిలబడి ఎవరో కొత్త డ్యూటీ డాక్టరు ఆ ‘కొన్ని’ అన్న మాట చదువుతుంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. మందు పేరు రాయండి. ఎంత మోతాదు వేసుకున్నారో, ఏ సంవత్సరమో, దద్దుర్లు లేచాయా, ఊపిరాడలేదా, ఎంతసేపటికి తగ్గిందో రాయండి. మీ రక్తం గ్రూపు అడగకపోయినా రాయండి.

ఈ తప్పులో నా వృత్తికీ వాటా ఉంది. ‘ప్లీజ్ స్పెసిఫై’కి తెలుగులో పేర్కొనండి అని వేసి చేతులు దులుపుకున్నాం. పేర్కొనండి అంటే జనం పేరెత్తి ఊరుకున్నారు, వాళ్ల తప్పేముంది? ఇప్పుడు నేను ‘ఏదో, ఎంతో, ఎప్పటి నుంచో రాయండి’ అని వేస్తున్నాను. చోటు చాలదని కొట్టేస్తారు. మళ్లీ వేస్తాను.

మా కింది వాటాలో ఉండే పిన్నిగారు ఒకసారి ఏదో రుణం ఫారం పట్టుకుని వచ్చారు. వృత్తి దగ్గర ఇతరములు టిక్కు పెట్టి, పక్కన ‘పని’ అని రాశారు. ఏం పనండీ అన్నాను. “ఏదో, అప్పడాలు వత్తుతాను కదమ్మా, అదేం చెప్పుకుంటాం” అన్నారు. కూర్చోబెట్టి రాయించాను: మినప అప్పడాల తయారీ, రోజుకు ఆరు కిలోల పిండి, నాలుగు కొట్లకు సరఫరా, పద్నాలుగేళ్లుగా. గడి దాటి కింది రెండు వరసల్లోకి వచ్చింది. ఆవిడ ఆ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు. “ఇంత చేస్తున్నానా నేను!” అన్నారు.

ఇల్లు కట్టేవాళ్లకు ఒక మాట. మేస్త్రీకి ‘మంచి ఇటుక, మంచి సిమెంటు, సరిపడా నీళ్లు’ అని చెప్పి కొబ్బరికాయ కొట్టకండి. కాంక్రీటు ఎం 20 అయితే అలాగే రాయండి. దానర్థం 150 మిల్లీమీటర్ల ఘనం పోసి 28 రోజులుంచి నొక్కితే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు ఓర్చుకోవాలని. ఊచలు ఎఫ్‌ఈ 500 అయితే ఆ అంకె రాయండి. నీళ్లు కొట్టడం ‘వారం పది రోజులు’ కాదు. ఐఎస్ 456 ప్రకారం మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఏడు రోజులకు తగ్గకూడదు, ఎండలు ముదిరి పొడిగా ఉన్నప్పుడు పదికి తగ్గకూడదు. మేస్త్రీ నొచ్చుకుంటాడు, ముప్పయ్యేళ్ల సర్వీసండీ నాది అంటాడు. నొచ్చుకున్నా కాగితం మీద సంతకం పెట్టించుకోండి. మన ప్రమాణాల సంస్థ ఇటుక మీదా, సిమెంటు మీదా, తాగే నీటి మీదా వేసిన పుస్తకాల పేర్లు చూడండి, ‘స్పెసిఫికేషన్’ అనే ఉంటుంది. నీళ్లను కూడా ఇలా ఉండాలి అని అంకెల్లో రాసిపెట్టారంటే, మీ ఇంటి శ్లాబుకు ఆ మర్యాద దక్కాలి కదా.

రాశాం కదా అని అక్కడితో ఆపకండి. నోటితో మళ్లీ చెప్పండి, మళ్లీ అడగండి. అమెరికా నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర పోయింది. తోపు లెక్కలు న్యూటన్ సెకన్లలో ఇవ్వాలని స్పెసిఫికేషనులో ఉంది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేరు వాటిని పౌండ్ సెకన్లలో ఇచ్చింది. ఒక పౌండు బలం దాదాపు 4.45 న్యూటన్లు. తొమ్మిది నెలల ప్రయాణంలో ఆ తేడా పోగై, నౌక అనుకున్నదానికంటే బాగా కిందికి వెళ్లిపోయింది. కాగితం సరిగ్గానే ఉంది. ఇది ఏ లెక్కలో ఇస్తున్నారు అని ఎవరూ బల్ల గుద్ది అడగలేదు. అంత చదువుకున్నవాళ్ల మధ్యే అలా జరిగితే, పాలవాడితో, ప్లంబరుతో, పిల్లల స్కూలు ఆటోతో ఒక్కసారి చెప్పి ఊరుకోవడం ఏం న్యాయం?

ఇంటి మాటల్లో స్పెసిఫై కుదరదంటారు, మనసులు నొచ్చుకుంటాయంటారు. నేను ఒప్పుకోను. ‘ఒకరోజు రండి’ అని ఎవరైనా అంటే వెంటనే ఏ రోజో అడగండి. క్యాలెండరు దగ్గరికి నడవండి. ‘సారీ’ అంటే దేనికో చెప్పమనండి. మా ఆయన పెళ్లయిన కొత్తలో అన్నిటికీ కలిపి ఒక సారీ చెప్పేవారు. నేను దేనికి, ఏ పూట అన్నదానికి అని అడిగేదాన్ని. మొదట్లో లేచి వెళ్లిపోయేవారు. ఇప్పుడు “మంగళవారం మీ అన్నయ్య ముందు నీ మాట మధ్యలో తుంచాను, అందుకు” అంటారు. అది సారీ. ఆ ఒక్కటీ చెబితే నాకు వారం పొడుగునా ఉన్న బరువు దిగిపోతుంది. వంట మెచ్చుకుంటే ఏది బాగుందో చెప్పండి. పరామర్శకు వెళితే ‘చాలా మంచి మనిషి’ అని రాకండి. ఆయన మీకు ఏ ఏడు, ఏ బస్టాండులో, ఎంత డబ్బు సర్దాడో ఆ పిల్లలకు చెప్పి రండి.

ఇదంతా ఇంగ్లీషువాళ్ల దగ్గర నేర్చుకున్న పట్టింపు అనేవాళ్లు ఒక్కసారి పూజలో సంకల్పం వినండి. ఏ ద్వీపం, ఏ ఖండం, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ రెండు నదుల మధ్య. ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఏ గోత్రం, ఏ పేరు. అన్నీ తెలిసిన దేవుడి దగ్గర కూడా మన పెద్దలు ‘మీకు తెలుసు కదా స్వామీ’ అని ఊరుకోలేదు. మరి మున్సిపాలిటీ వాళ్లకు తెలుసులే అని మీరెలా ఊరుకుంటారు?

చివరికి వంటిల్లు. ‘ఉప్పు తగినంత’ అన్న మాటను నా చేతుల్లో ఉంటే అన్ని వంటల పుస్తకాల్లోనూ కొట్టేస్తాను. ఎవరికి తగినంత? ఏ ఉప్పు? ఒకే చెంచాతో గల్లుప్పు తీస్తే ఒక బరువు, మెత్తటి ఉప్పు తీస్తే మరో బరువు. మా వదిన కాపురానికొచ్చిన కొత్తలో అమ్మను అడిగితే ‘చూసి వేసుకోమ్మా, తగినంత’ అంది. వదిన పప్పుచారు మూడు రోజులు చప్పగా, నాలుగో రోజు కటికి ఉప్పగా వచ్చింది. ఐదో రోజు పెరట్లో కూర్చుని ఏడ్చింది. ఆ సాయంత్రమే నేను వంటింటి త్రాసు కొనుక్కొచ్చాను. అమ్మ అరచేతి గుంటలో గల్లుప్పు పోసుకుని గిన్నెలో వెయ్యబోతుంటే, కింద పళ్లెం పెట్టి పట్టాను. 17 గ్రాములు. మర్నాడు, 18. ఆ మర్నాడు మళ్లీ 17. ఆరుగురికి, అదే గిన్నె, అదే చింతపండు.

అమ్మ తగినంత అన్నది దాటవేయడానికి కాదని అప్పుడు తెలిసింది. ఆవిడకు అది కచ్చితమైన లెక్కే, ఆ లెక్క ఆవిడ చేతిలో మాత్రమే ఉంది. గళ్ల నోటుబుక్కులో రాసుకున్నాను: పప్పుచారు, ఆరుగురికి, గల్లుప్పు 17 గ్రాములు. రాసింది పైకి చదివి వినిపించాను. అమ్మ స్టవ్ దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే అడిగింది.

“ఏ నెలో రాశావా?”

“నెల ఎందుకమ్మా?”

“వానల్లో ఉప్పు చెమ్మగిల్లుతుంది, బరువెక్కుతుంది. ఆషాఢం అని రాయి. జాడీ మూత బిగించి ఉందని కూడా రాయి.”

రాశాను.